నాన్నమ్మ ఫోన్‌లో నేను చెరిపేసినవి

నేపర్‌విల్, అమెరికా,
గురువారం సాయంత్రం.

అమ్మా,

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అమ్మమ్మా, మామయ్యా, కొత్త అత్తా బాగున్నారనుకుంటున్నా. రేష్మ ఆంటీ శనివారం ఫ్లైట్‌కి హైదరాబాద్ వస్తున్నారు. వాళ్ళ సూట్‌కేస్‌లో నీకు విటమిన్ డబ్బాలు రెండు, నాన్న కొన్న బాదం పప్పు, ఈ కవరు పంపిస్తున్నాం. ఆంటీ బాత్రూమ్ స్కేల్ మీద సూట్‌కేస్‌ని ఇప్పటికే మూడుసార్లు తూచారు. "ఎన్ని పేజీలే నీ ఉత్తరం? నాలుగైతే సరే, ఐదో పేజీ అంటే బాదం పప్పు తీసేస్తా" అన్నారు. అందుకే చిన్న అక్షరాలు రాస్తున్నా. నీ కళ్ళజోడు పెట్టుకో.

నీ ఉత్తరం కందిపొడి ప్యాకెట్ పక్కన పెట్టి పంపావు కదా, కాగితం అంతా ఇంగువ వాసన. నాన్నమ్మ దాన్ని మూడుసార్లు వాసన చూసి అప్పుడు నాకిచ్చింది. నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి ముందు చెప్తా.

ఒకటి, శనివారం తెలుగు క్లాస్‌కి వెళ్తున్నా. మానలేదు. ఒత్తులు ఇంకా తప్పులు పోతున్నాయి. ఈ ఉత్తరంలో ఉంటే ఎర్ర పెన్నుతో దిద్దకు. రెండు, నా వింటర్ జాకెట్ జిప్ ఊడిపోయింది. నాన్నమ్మ జిప్ తీసేసి పెద్ద పెద్ద గుండీలు కుట్టింది. ఏ రంగువి అని అడగకు. స్కూల్లో నిధి "ఎక్కడ కొన్నావ్, చాలా బాగుంది" అంది, నిజంగానే అడిగింది. మూడు, నాన్న సరిగ్గా తింటున్నాడా అని. వారంలో మూడు రోజులు ట్రైన్‌లో సిటీకి వెళ్తున్నాడు, వచ్చి బేస్‌మెంట్‌లో కాల్స్‌లో కూర్చుంటున్నాడు. నాన్నమ్మ ప్లేట్ కిందికి పంపిస్తే ఖాళీ ప్లేట్ పైకి వస్తోంది. కాబట్టి తింటున్నట్టే.

నాలుగో ప్రశ్న, "నాన్నమ్మ షుగర్ ఎలా ఉంది? ఫోన్‌లో అడిగితే అందరూ బాగుంది బాగుంది అంటున్నారు. నువ్వు నిజం రాయి" అన్నావు. రాస్తా అమ్మా. కొంచెం టైమివ్వు. ఇది మెసేజ్‌లో పెడితే నువ్వు వెంటనే కాల్ చేస్తావు. అప్పుడు నేను ఏడుస్తా, ఏమీ చెప్పలేను. కాగితం మీద అయితే మధ్యలో ఏడ్చినా నీకు తెలీదు.

ముందు నా బిజినెస్ గురించి చెప్పాలి. బిజినెస్ అంటే డబ్బులేం లేవు. శుక్రవారం సాయంత్రాలు కామేశ్వరి ఆంటీ ఇంట్లో లలిత పారాయణానికి నాన్నమ్మతో వెళ్తున్నా కదా. అక్కడ ఒకసారి ఆంటీ ఫోన్ స్టక్ అయిపోయింది. నేను క్యాష్ క్లియర్ చేసి ఇచ్చా. అప్పట్నుంచి ప్రసాదం అవ్వగానే నా ముందు ఫోన్లు వరసగా పెడతారు. "మా మనవరాలి చేతిలో పెట్టండి, పది నిమిషాల్లో ఫోన్ పరిగెడుతుంది" అని నాన్నమ్మ అందరికీ చెప్తుంది.

కామేశ్వరి ఆంటీ ఫోన్‌లో పదకొండు వేల గుడ్ మార్నింగ్ ఫోటోలున్నాయి అమ్మా.

"ఇవి తీసేస్తే ఇంకా ఫాస్ట్ అవుతుంది ఆంటీ" అన్నా.

"అమ్మో, అన్నీ దేవుడి బొమ్మలే. డిలీట్ చేస్తే పాపం చుట్టుకోదూ?"

"సరే, అవి ముట్టుకోను. క్యాష్ ఒక్కటే."

"అదేంటే, అది తీస్తే ఏమీ పోదు కదా?"

నేను వాళ్ళకి ఎప్పుడూ ఒకేలా చెప్తా. వంట అయ్యాక గట్టు మీద గిన్నెలు, గరిటెలు, తొక్కలు మిగిలిపోతాయి కదా, క్యాష్ అలాంటిది. యాప్ తన పని తొందరగా అవ్వాలని దగ్గర పెట్టుకుంటుంది, తర్వాత తీయదు. గట్టు తుడిచేస్తే బీరువాలో డబ్బాలు ఎక్కడికీ పోవు. పక్కనే ఇంకో బటన్ ఉంటుంది, క్లియర్ డేటా అని. అది నొక్కితే డబ్బాలు కూడా పోతాయి, అది మాత్రం మీరెప్పుడూ నొక్కకండి అని కూడా చెప్తా. నేనే చెప్తా అమ్మా. ఇది గుర్తుపెట్టుకో.

నాన్నమ్మ షుగర్ మెషీన్ ఫోన్‌లో ఒక యాప్‌కి కనెక్ట్ అయి ఉంటుంది. వేలు గుచ్చి స్ట్రిప్ పెడితే నంబర్ దానంతటదే యాప్‌లోకి వెళ్తుంది. నాన్నమ్మకి ఆ చిన్న అంకెలు ఆనవు, చూడాల్సింది నేను, నేనూ చూసేదాన్ని కాదు. సెప్టెంబర్‌లో నాన్నమ్మ వచ్చినప్పుడు నేనే సెట్ చేశా. అకౌంట్ పెట్టమంటే నాన్నమ్మకి ఈమెయిల్ లేదు, నాకు బద్ధకం, స్కిప్ నొక్కేశా. కాబట్టి ఆ నంబర్లకి వేరే ఎక్కడా కాపీ లేదు.

రెండు వారాల క్రితం శుక్రవారం, స్కూల్ నుంచి రాగానే నాన్నమ్మ అంది, "చరితా, ఊళ్ళో వాళ్ళ ఫోన్లన్నీ బాగుచేస్తున్నావ్, నాది మాత్రం నత్తలా పాకుతోంది." నేను ఒక చేత్తో ఉప్మా తింటూ ఇంకో చేత్తో క్లీన్ చేశా. సెట్టింగ్స్, యాప్స్, స్టోరేజ్, క్లియర్, తర్వాతది. ముప్ఫై యాప్‌లు అయ్యాయి. షుగర్ యాప్ దగ్గర రెండు బటన్లలో ఎడం పక్కది, ఆ క్లియర్ డేటానే, నొక్కా. "అన్నీ పోతాయి, సరేనా?" అని అడిగింది. అది ఏం అడిగిందో చదవకుండానే సరే అన్నా. యాప్ తెరిస్తే "వెల్కమ్, మీ పేరు?" అంటోంది. ఐదు నెలల నంబర్లు, ఒక్కటి కూడా లేదు.

నాన్నమ్మ పక్కనే ఉంది. "అయిందా?" అంది. "అయింది, చూడు ఎంత ఫాస్ట్‌గా ఉందో" అన్నా.

అప్పుడే చెప్పేస్తే ఈ ఉత్తరం ఇక్కడితో అయిపోయేది. కానీ మర్నాడు పొద్దున యోగానంద్ అంకుల్ వస్తారు. నీకు తెలుసు కదా, నాన్న కూడా అంకులే అంటాడు, నేనూ అంకులే అంటా, ఆయనకేమో డెబ్భై తొమ్మిదేళ్ళు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో నాన్నమ్మకి పాత జబ్బులేవీ కవర్ అవ్వవు కాబట్టి నెలకోసారి ఆయనే వచ్చి నంబర్లు చూస్తారు. "నేను రిటైరయ్యాను, మందు రాయను, మాట మాత్రం చెప్తాను" అని, కాకినాడలో నాన్నమ్మ డాక్టర్‌కి ఫోన్ చేసి ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఆయనకి ఏం చూపించాలి?

ఇంకో సంగతి ఉంది. మామయ్య పెళ్ళికని వెళ్ళిన నువ్వు తిరిగి రావడానికి కావాల్సిన వీసా స్టాంపింగ్ డేట్ జనవరిలో రెండోసారి వెనక్కి వెళ్ళింది కదా. ఆ వారం నాన్న బాబాయ్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే నేను మెట్ల మీద ఉన్నా. "అమ్మని ఇక్కడ చూసుకోవడం కుదరకపోతే మార్చి దాకా ఆగను, టికెట్ ముందుకి జరిపేస్తా" అన్నాడు. నాన్నమ్మ సంగతులు చూసుకునేది నేను. ఎయిర్‌పోర్ట్‌లో నీకు మాటిచ్చా. నంబర్లు పోగొట్టానని తెలిస్తే కుదరట్లేదని అర్థం, అప్పుడు నాన్నమ్మ వెళ్ళిపోతుంది. నువ్వు లేవు, నాన్న బేస్‌మెంట్‌లో. నేను ఆ ఇంటిని ఊహించుకున్నా. చాలా భయమేసింది.

అందుకని నంబర్లు నేనే రాశా అమ్మా.

బాత్రూమ్‌లో ఫ్యాన్ వేసుకుని కూర్చుని, నాలుగు వారాలవి, పొద్దునొకటి, సాయంత్రం ఒకటి, యాభై ఆరు నంబర్లు చేత్తో కొట్టా. "మీ నాన్నమ్మకి పొద్దున షుగర్ ఎప్పుడూ ఎక్కువే" అని నువ్వు ఒకప్పుడు అన్నావ్. అది గుర్తుపెట్టుకుని పొద్దునవి అన్నీ నూట యాభై, నూట అరవై, నూట డెబ్భై. ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని అటూ ఇటూ మార్చా. పని అయ్యాక నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం రాయమన్నావు.

శనివారం అంకుల్ వచ్చారు. కళ్ళజోడు పైకెత్తి యాప్ మొత్తం చూశారు. "పొద్దుటివి ఎక్కువున్నాయే దమయంతమ్మా" అన్నారు. కాకినాడ డాక్టర్‌తో మాట్లాడి రాత్రి ఇన్సులిన్ పద్నాలుగు నుంచి పద్దెనిమిది చేయమన్నారు. నేను అక్కడే ఉన్నా. టీ కప్పులు తీస్తున్నా. నోరు తెరవలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి కిందికి దిగా. వంటింట్లో లైటుంది, స్టవ్ మీద ఏమీ లేదు. నాన్నమ్మ డిష్‌వాషర్‌కి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. చీర అంతా చెమట. బయట నాన్న డ్రైవ్‌వే మీద మంచు తోస్తున్నాడు, ఆ పార సౌండ్ గర్రుమని వస్తూనే ఉంది. "నాన్నమ్మా" అంటే నా వైపు చూసి "సిద్ధూ, స్కూలుకి టైమైందిరా" అంది. నాన్న అనుకుంది నన్ను.

మా హెల్త్ క్లాస్‌లో చెప్పారు ఇలా అయితే ఏం చేయాలో. వేలు గుచ్చా. నలభై తొమ్మిది. ఆపిల్ జ్యూస్ డబ్బా మొత్తం కొంచెం కొంచెంగా తాగించా. పదిహేను నిమిషాలు నా చేతిలో తన చెయ్యి పెట్టుకుని మైక్రోవేవ్ గడియారం చూస్తూ కూర్చున్నా. మళ్ళీ గుచ్చితే ఎనభై రెండు. అప్పుడు నాన్నమ్మ నన్ను చూసి "చరితా, ఇంత పొద్దున్నే లేచావేంటే" అంది.

"రాత్రి ఏం తిన్నావ్ నాన్నమ్మా?"

కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, "గ్లాసుడు మజ్జిగ" అంది.

"అంతేనా? ఎందుకు?"

"శనివారం కదే."

"నువ్వు శనివారాలు తింటావు కదా."

"కాకినాడలో తింటాను. ఇక్కడ మానేశా. మొన్న జనవరిలో మీ అమ్మ వీసా డేట్ రెండోసారి వెనక్కి పోయినప్పుడు మొక్కుకున్నా. నా కోడలు పాస్‌పోర్ట్ మీద ఆ ముద్ర పడేదాకా శనివారం రాత్రి అన్నం ముట్టనని. మీ ఇద్దరికీ వడ్డించి, నేను తర్వాత తింటానంటే ఎవరు చూడొచ్చారు?" బయట పార సౌండ్ ఆగింది. నాన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ నాన్నకి చెప్పకే బంగారం. ఊరుకోడు."

నాన్న లోపలికొచ్చి బూట్లు దులుపుకుంటూ "ఏంటి, ఇద్దరూ నేల మీద కూర్చున్నారు?" అన్నాడు. "చల్లగా ఉందని" అంది నాన్నమ్మ. బయట మైనస్ పదకొండు. నాన్న ఫోన్ చూసుకుంటూ బేస్‌మెంట్‌లోకి వెళ్ళిపోయాడు, ఆఫీసు పని, ఏదో రిలీజ్ ఉందట.

నీకు తెలుసు అమ్మా, నేను ఏదైనా దాచాలంటే దాచేస్తా. నాకది వచ్చు. కానీ ఆ రాత్రి నాన్నమ్మ మళ్ళీ పద్దెనిమిది తీసుకుంటుంది. వద్దంటే డాక్టరు గారు చెప్పారు కదా అంటుంది. నిజం చెప్పకుండా ఆపడం ఎలాగో మధ్యాహ్నం దాకా ఆలోచించా. దారి దొరకలేదు. నాన్నమ్మ మంచం మీద పడుకుని ఉంటే వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశా. ఉప్మా దగ్గర్నుంచి.

తిడుతుందనుకున్నా. నాన్నమ్మ లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. "అంటే నా ఒంట్లో సంగతి నువ్వు బాత్రూమ్‌లో కూర్చుని రాశావా?" అంది. నేను తలూపా. "నేను తినకుండా తిన్నానన్నా. నువ్వు చూడకుండా చూశానన్నావ్. మన ఇద్దర్నీ నమ్ముకుని ఆ ముసలాయన డోసు పెంచాడు." తర్వాత "ఆయనకి ఫోన్ కలుపు. నేనే మాట్లాడతా" అంది. కానీ ఫోన్ కలిశాక నా చేతికే ఇచ్చేసింది.

అంకుల్ పావుగంటలో వచ్చారు, పైజామా మీద ఓవర్‌కోట్ వేసుకుని. నేను నిలబడే చెప్పా. ఆయన అరవలేదు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగారు.  "నలభై ఏళ్ళు నంబర్లని నమ్మి మందులిచ్చానమ్మా. పొరపాటున చెరిపావు, అది ఎవరికైనా అవుతుంది. లేని నంబర్ రాశావే, దానికి ఈవిడ ప్రాణం పోయేది" అన్నారు. నేను సారీ అనలేకపోయా. 

అప్పుడు ఆయన షుగర్ మెషీన్ చేతిలోకి తీసుకుని పక్కనున్న చిన్న బటన్ నొక్కారు. పాత నంబర్ వచ్చింది. మళ్ళీ నొక్కారు, అంతకు ముందుది. మెషీన్‌లోనే అన్నీ ఉన్నాయమ్మా. తారీఖులతో సహా ఐదు వందలు దాచుకుంటుందట. నేను యాప్ ఒక్కటే చూశా, ఆ బటన్ ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు.

ఆయన చదువుతుంటే నేను కాగితం మీద రాశా. నూట పద్దెనిమిది, నూట ఆరు, నూట ఇరవై. బాగానే ఉన్నాయి. తర్వాత అరవై ఒకటి. కొంచెం వెనక్కి వెళ్తే యాభై ఎనిమిది. ఇంకా వెనక్కి, అరవై నాలుగు. అంకుల్ నా కాగితం లాక్కుని తారీఖులు చూశారు. "అన్నీ ఆదివారాలే. శనివారం రాత్రి ఈ ఇంట్లో ఏం జరుగుతోందమ్మా?"

నాన్నమ్మ కొంగు సర్దుకుని మొక్కు సంగతి చెప్పింది.

"పస్తుండమని వెంకటేశ్వరస్వామి మిమ్మల్ని అడిగాడా?"

"మొక్కు మొక్కే డాక్టరు గారూ."

"మార్చుకోకూడదా?"

"తగ్గించుకోకూడదు. పెంచుకోవచ్చు."

"అయితే పెంచండి. అన్నం కన్నా మీకు ఎక్కువ ఇష్టమైందేదో చూసి అది మానండి."

నాన్నమ్మ వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుంది. "శనివారం నా సీరియల్‌కి మహా ఎపిసోడ్ వస్తుంది. గంటన్నర. అది మానేస్తా" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగా. తర్వాతి శుక్రవారం పారాయణంలో కామేశ్వరి ఆంటీని "ఆదివారం పొద్దున్నే కథ చెప్పు" అని అడుగుతుంటే నేను విన్నా. "చూడనని మొక్కుకున్నా. విననని మొక్కుకోలేదు" అంది. అంకుల్ ఆ రోజే కాకినాడకి ఫోన్ చేసి అంతా చెప్పారు. ఇన్సులిన్ మళ్ళీ పద్నాలుగు. మొన్న శనివారం రాత్రి నాన్నమ్మ నా పక్కన కూర్చుని తింది, నేను తన ప్లేట్ చూస్తూనే ఉన్నా. ఈ మొక్కు సంగతి నీకు రాయమని తనే చెప్పింది. "మీ అమ్మ తిడితే ఫోన్‌లో తిట్టమను. ఉత్తరంలో తిడితే చాలా రోజులుంటుంది" అంది.

అంకుల్ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో ఒక్క మాట అన్నారు. "సిద్ధార్థ్‌కి నేను చెప్పను. నువ్వు చెప్పు. నీకు రెండు వారాలు టైమ్." నేను అంత టైమ్ వద్దన్నా, మళ్ళీ దాన్ని దాదాపు మొత్తం వాడుకున్నా.

ఈ రోజు పొద్దున నాన్నని స్కూల్ దగ్గర దింపమన్నా. స్కూల్ పార్కింగ్‌లో కారు ఆగాక, దిగకుండా, చెప్పేశా. నాన్న వైపర్లు ఆపలేదు. వాన లేదు, మంచు లేదు, ఊరికే తిరుగుతున్నాయి.

"నలభై తొమ్మిదా?" అన్నాడు.

"అవును."

"నేను బయటే ఉన్నా కదే. తలుపు తీసి పిలిస్తే వినపడేంత దూరం. పిలవలేదేం?"

"నాన్నమ్మని పంపించేస్తావని."

"ఎవరన్నారు?"

"నువ్వే. బాబాయ్‌తో. టికెట్ ముందుకి జరిపేస్తానన్నావ్."

నాన్న స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. హారన్ మోగింది, ఇద్దరం ఉలిక్కిపడ్డాం. "కోపంగా ఉందా నాన్నా?" అన్నా. "ఉంది. ఆగు" అన్నాడు. తర్వాత చాలా తిట్టాడు అమ్మా, అవి రాయను. నువ్వేమైనా డాక్టర్‌వా అన్నాడు, బుద్ధుందా అన్నాడు. అన్నీ కరెక్టే. చివర్లో "టికెట్ గురించి విసుగులో ఏదో వాగాను, అది నువ్వు వినడం ఏంటి, విని ఇన్నాళ్ళు లోపల పెట్టుకోవడం ఏంటి" అన్నాడు. ఆ తర్వాత కారు వెనక్కి తిప్పాడు. నా ఫస్ట్ పీరియడ్ పోయింది, నాన్న ట్రైన్ పోయింది. దారిలో చెప్పాడు, నువ్వు వచ్చేదాకా నాన్నమ్మ ఇక్కడే ఉండేలా వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేస్తాడట.

నీకు కూడా కోపం వస్తుందని తెలుసు. వస్తే కాల్ చెయ్యి. స్పీకర్‌లో పెట్టను, నా రూమ్‌లోకి వెళ్ళి మొత్తం వింటా.

మేం ఇంటికి వెళ్ళేసరికి నాన్నమ్మ స్ట్రిప్పుల డబ్బా తెరుస్తోంది. "ఆఫీసు లేదట్రా?" అంది. నాన్న కోటు విప్పకుండానే పక్కన కూర్చున్నాడు. "తర్వాతి ట్రైన్‌కి వెళ్తా. ముందు ఇది ఎలా చేయాలో నాకు నేర్పు" అన్నాడు. నాన్నమ్మ వేలు చాపింది. నాన్న సూది పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "గుచ్చేది నన్నురా, నీకెందుకు నొప్పి? కళ్ళు తెరువు" అని కసిరింది. మూడోసారికి రక్తం చుక్క వచ్చింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డా, మెషీన్ వైపు చూడలేదు. నాన్న చదివాడు, గట్టిగా, స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు.

నూట పన్నెండు.

ఇట్లు,
ఇంక నీ దగ్గర ఏదీ దాచని నీ కూతురు,
చరిత